ఆకురాయితో రాసిన తారీఖ్

ఆర్‌ఎక్స్ హండ్రెడ్ చప్పుడు వినబడితే చాలు, మా మామూ తల ఎత్తకుండానే చెప్పేస్తాడు: "పోర్టు కోసిండు, సైలెన్సర్ మార్చలే. ఉత్త లొల్లి, బండిల జోరు లేదు." బండి ఇంకా గల్లీ మలుపు కూడా తిరిగి ఉండదు.

మామూది ఇంటి ముందటి రేకుల షెడ్డు. అదే కార్ఖానా. ఒక వైస్, ఒక గ్యాస్ వెల్డింగ్ సెట్టు, గోడకు వేలాడే పానాలు, కిరోసిన్ డబ్బాలో నానే పిస్టన్ రింగులు. టూ స్ట్రోక్ బండ్లు ఫ్యాక్టరీల నుంచి రావడం ఆగిపోయి ఏళ్లు గడిచినా, పాత బండి మీద ఇష్క్ ఉన్న పిల్లలు ఇప్పటికీ ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. సిలిండర్ బ్లాకు విప్పి, నూనె కాగితాన్ని లోపలి గోడకు అదిమి, వేలితో రుద్ది పోర్టుల అచ్చు తీస్తాడు. కాగితం మీద చతురస్రాల్లా మూడు నాలుగు గుర్తులు పడతాయి. పెన్సిల్‌తో పొగ పోయే కిటికీ పైఅంచు మీద సన్నటి గీత గీస్తాడు. ఇక ఆకురాయి అందుకుంటాడు. ఒక్క మిల్లీమీటరు. అంతకంటే వెంట్రుక వాసి ఎక్కువైనా బ్లాకు పాడైనట్టే.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "మామూ, ఇది ఎవరు నేర్పిండ్రు?" అని. "మా ఉస్తాద్" అన్నాడు. "ఆయనకు?" "ఆయన ఉస్తాద్." "ఆయనకు?" మామూ ఆకురాయి ఆపి నా మొహంలోకి చూశాడు. "నువ్వు మద్రసాల కూసోవాల్సినోనివి బేటా, ఈడ గాదు."

ఆ మాటలో వెటకారం ఉన్నా నిజమూ ఉంది. మన దగ్గర ఏ మాటకైనా ఇస్నాద్ అడిగే రివాజు ఉంది కదా. ఈ మాట నీకెవరు చెప్పారు, ఆయనకెవరు చెప్పారు అని గొలుసు మొత్తం పేరు పేరునా పలకాలి. నడుమ ఒక్క రావీ పేరు తప్పినా ఆ రివాయత్ జయీఫ్. మాట ఎంత బాగున్నా సరే, గొలుసు తెగితే బలం పోయినట్టే. హదీసులకున్న ఈ కట్టుబాటు హునర్‌కు ఎందుకు లేదు? మామూ చేతిలోని ఆ ఒక్క మిల్లీమీటరు ఇల్మ్ ఎక్కడి నుంచి నడిచొచ్చింది? చదివినంత మేరకు ఆ సిల్సిలాను కూర్చుకుంటూ పోతే జర్మనీలో తేలాను. అక్కడ కూడా ఒక ఇంటి కార్ఖానాయే ఉంది. అక్కడ కూడా ఒక పేరు దాదాపు చెరిగిపోయి ఉంది.

ముందు ఈ ఇంజన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. లేకపోతే ఎవరు ఏం చేశారో, ఎందుకు దొంగిలించారో అర్థం కాదు.

టూ స్ట్రోక్ గరీబోడి ఇంజన్. ఫోర్ స్ట్రోక్‌లో ఉండే వాల్వులు, క్యామ్ షాఫ్టు, వాటి గొలుసు ఇందులో ఏవీ ఉండవు. సిలిండర్ గోడకు కొన్ని కిటికీలు ఉంటాయి, పిస్టనే వాటికి దర్వాన్. పైకి పోతూ ఒకటి మూస్తుంది, కిందికి వస్తూ ఒకటి తెరుస్తుంది. కాలిన పొగ బయటికి పోయే కిటికీ, కొత్త పెట్రోలు గాలి లోపలికొచ్చే కిటికీ కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి. ఇంట్లోకి మెహమాన్లు ఒక దర్వాజా నుంచి వస్తుంటే, కొందరు కూర్చోకుండానే రెండో దర్వాజా నుంచి వెళ్లిపోయినట్టు, కాలని పెట్రోలు కొంత పొగతో పాటే బయటికి పోతుంది. ఈ ఇంజన్ పుట్టుకతో వచ్చిన ఐబ్ ఇదే. దీని తారీఖ్ మొత్తం ఆ ఐబ్‌ను సరిదిద్దే కోషిష్.

రెండో ఐబ్ ఇంకోటుంది. పిస్టన్ దర్వాన్‌కు ఒకే లెక్క తెలుసు. ఒక కిటికీని పైకి పోతున్నప్పుడు ఎన్ని డిగ్రీల ముందు తెరిచాడో, తిరిగొచ్చేటప్పుడు అన్ని డిగ్రీల తర్వాతే మూస్తాడు. కార్బురేటర్ నుంచి గాలి బాగా రావాలని ముందుగా తెరిచామా, ఆలస్యంగా మూతపడుతుంది. ఆ ఆలస్యంలో లోపలికొచ్చిన గాలి వెనక్కి కార్బురేటర్‌లోకే ఉమ్మేస్తుంది.

జర్మనీలో సాక్సనీ ఇలాకాలో షోపావ్ అని చిన్న ఊరు. అక్కడ రాస్ముస్సెన్ అనే డెన్మార్క్ మనిషి పెట్టిన కంపెనీ డీకేడబ్ల్యూ. అడోల్ఫ్ ష్నూర్లే అనే ఇంజనీరు 1920లలో కొత్త గాలిని నేరుగా కాకుండా వెనక గోడ వైపు ఏటవాలుగా కొట్టించి, అక్కడి నుంచి సుడి తిరిగేలా చేసే తర్కీబ్ కనిపెట్టాడు. దాంతో మెహమాన్లు ఇల్లంతా ఒక చుట్టు తిరిగి గానీ బయటి దర్వాజా దగ్గరికి చేరరు. డీకేడబ్ల్యూ ఆ హక్కు కొనుక్కుంది. 1939లో హెర్మన్ వెబర్ అనే ఇంజనీరు చేతి మీదుగా ఆర్‌టీ 125 అనే బండి వచ్చింది. సిలిండర్ వెడల్పు 52 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 58. శక్తి అయిదు హార్స్‌పవర్ లోపే. కూలికి పోయేవాడు కూడా కొనుక్కోగల బండి.

అంతలో జంగ్ వచ్చింది. ఆ కార్ఖానా గురించి రాసేటప్పుడు చాలామంది దాటేసే వరక్ ఒకటి ఇక్కడుంది. డీకేడబ్ల్యూ అప్పటికి ఆటో యూనియన్‌లో భాగం. నాజీల ఫౌజుకు సామాను చేసింది. జంగ్ చివరి రోజుల్లో క్యాంపుల నుంచి యూదు స్త్రీలను తెచ్చి షోపావ్ ఫ్యాక్టరీలో వెట్టిచాకిరీ చేయించారు. ఇస్నాద్‌లో రావీ మంచివాడా చెడ్డవాడా అని కూడా చూస్తారు కాబట్టి ఈ మాట రాయకుండా ముందుకు పోలేను. ఆ సిలిండర్ల మీద ఎవరెవరి చేతులు పనిచేశాయో మనకు పేర్లు తెలియవు. ఈ గొలుసులో మొదటి ఖామోషీ అది.

జర్మనీ ఓడిపోయాక ఆర్‌టీ 125 నక్షాలు గెలిచినవాళ్ల పాలయ్యాయి. ఇంగ్లండులో బీఎస్‌ఏ బాంటమ్ అయ్యింది. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ వాళ్లు దాన్నే చిన్న బండిగా చేసి అమ్మారు. రష్యాలో మాస్కో పేరుతో వచ్చింది. జపాన్‌లో యమహా 1955లో తన మొట్టమొదటి మోటార్ సైకిల్ వైఏ 1 తెచ్చినప్పుడు ముందు పెట్టుకున్న నమూనా కూడా ఇదే. ఇన్ని దేశాల పిల్లలు ఒక్క తల్లి కడుపున పుట్టారు. దాన్ని గీసిన వెబర్‌ను మాత్రం సోవియట్లు తీసుకుపోయారు. 1948లో ఆయన అక్కడే చనిపోయాడు. తన బండి దునియా మొత్తం తిరిగింది, మనిషి వతన్‌కు తిరిగి రాలేదు.

షోపావ్ తూర్పు జర్మనీ వాటాలోకి పోయింది. కమ్యూనిస్టు సర్కారు కింద ఫ్యాక్టరీకి ముందు ఐఎఫ్‌ఏ అని, తర్వాత ఎంజెడ్ అని పేరు వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలు ఆ పాత ఆర్‌టీలనే విప్పి, ఆకురాళ్లతో రాసి పందాలకు దింపేవారు. కొత్త బండి కొనే తాహత్ ఎవరికీ లేదు. రేసుల మీద పిచ్చి మాత్రం తగ్గలేదు. తబాహీ అయిన దేశంలో హునర్ ఎట్లా బతుకుతుందో చూడాలంటే ఆ రోజులు చూడాలి.

అలాంటివాళ్లలో ఇద్దరు మనకు ముఖ్యం.

ఒకాయన వాల్టర్ కాడెన్. 1919లో పోబర్షావులో పుట్టాడు. తండ్రి డీకేడబ్ల్యూలో ఒక పెద్ద అఫ్సర్‌కు డ్రైవరు. చిన్నప్పుడే తండ్రి వెంట నూర్బుర్గ్‌రింగ్ రేసు మైదానం ప్రారంభానికి పోయాడు. ఆ చప్పుడు చెవుల్లోంచి ఇక పోలేదు. జంగ్‌లో హెన్షెల్ కంపెనీలో విమానం నుంచి వదిలే గైడెడ్ బాంబు మీద పనిచేశాడు. అదీ రాయాల్సిందే. జంగ్ ముగిశాక ఇళ్ల కప్పులకు కట్టె దూలాలు చేసే ధందా పెట్టుకుని, పక్కనే తన వర్క్‌షాపులో ఆర్‌టీ 125ను విప్పి మార్పులు చేస్తూ, తానే రేసుల్లో నడిపేవాడు.

రెండో ఆయన డానియెల్ జిమ్మర్‌మాన్. ఈయన ఫ్యాక్టరీ మనిషి కాడు, ప్రైవేటు మెకానిక్. ఈయన్ను గురించి కితాబుల్లో దొరికేది చాలా కొంచెం. దొరికిన ఆ కొంచెమే నన్ను పట్టుకుంది.

పిస్టన్ దర్వాన్‌కు ఒకే లెక్క తెలుసని పైన చెప్పాను. జిమ్మర్‌మాన్ ఆ దర్వాన్‌ను కార్బురేటర్ దర్వాజా నుంచి డ్యూటీ మార్చేశాడు. క్రాంక్ షాఫ్టు పక్క కొసకు పల్చటి గుండ్రటి ఉక్కు రేకు ఒకటి బిగించాడు. రేకులో ఒక వైపు ముక్క కోసేశాడు. క్రాంక్‌తో పాటే రేకు తిరుగుతుంది. కోసిన భాగం కార్బురేటర్ ఎదుటికి వచ్చినంతసేపు గాలి లోపలికి వస్తుంది, నిండు రేకు అడ్డం వచ్చిందా, బంద్. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో రెండూ ఇప్పుడు విడివిడిగా మన చేతిలో ఉన్నాయి. ముందుగా తెరిచి ముందుగా మూయొచ్చు. వెనక్కి ఉమ్మడం పోయింది. కార్బురేటర్ సిలిండర్ వెనక నుంచి ఇంజన్ పక్కకు వచ్చింది.

తిరిగే రేకు అనే ఆలోచన ఆయన సొంతం కాదు. బొమ్మ విమానాల బుల్లి ఇంజన్లలో అప్పటికే ఉంది. కానీ ఒక పాత ఆర్‌టీని ముందు పెట్టుకుని, ఆ రేకును అందులో కూర్చి, అది అంత వేగంలో చీలిపోకుండా, కేసుకు రాసుకుని కాలిపోకుండా నడిపించడం అంటే ఏమిటో ఒక్కసారైనా ఇంజన్ విప్పినవాళ్లకు తెలుస్తుంది. ఆయన దోస్తులు పెట్రుష్కే, హెంకెల్. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి బండికి జెడ్‌పీహెచ్ అని పేరు పెట్టారు. పెట్రుష్కే దాన్ని రేసుల్లో నడిపాడు. 1952 ప్రాంతంలో ఆ బండి సర్కారీ ఫ్యాక్టరీ బండ్లను దాటిపోయింది.

ఫ్యాక్టరీ వాళ్లకు అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. సర్కారు పైసలు, లేత్ మిషన్లు, జీతమిచ్చి పెట్టుకున్న ఇంజనీర్లు. వాళ్ల ముందు నుంచి ముగ్గురు దోస్తుల బండి పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్యాక్టరీ వాళ్లు కాడెన్‌ను పిలిచి రేసింగ్ విభాగం అప్పగించారు. ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి జిమ్మర్‌మాన్ రేకును తీసుకోవడం. ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మంచి ఆలోచన కనబడింది, తీసుకున్నారు. ఆ తర్వాత తిరిగే రేకు ఎంజెడ్ వాల్వ్ అయిపోయింది, కాడెన్ వాల్వ్ అయిపోయింది. జిమ్మర్‌మాన్ పేరు కితాబుల్లో ఒక వాక్యానికి కుదించుకుపోయింది. దీన్ని చోరీ అనలేను. కానీ పేరు పలకకపోవడం కూడా ఒక చిన్న ఖియానతే అనిపిస్తుంది నాకు.

కాడెన్ గొప్పతనాన్ని తగ్గించాలని కాదు. ఆయన పొగ గొట్టం మీద చేసిన పని చూస్తే దిమాగ్ తిరుగుతుంది.

పొగ ఊరికే బయటికి పోదు. కిటికీ తెరుచుకోగానే గొట్టంలో ధన్ మని ఒక ఒత్తిడి అల బయలుదేరుతుంది. చప్పుడు అంటే అదే. గొట్టం ఒక చోట గరాటులా వెడల్పు అయితే ఆ అల నుంచి పీల్చే అల ఒకటి వెనక్కి తిరుగుతుంది. అది సిలిండర్ దగ్గరికి చేరి మిగిలిన పొగను లాగేస్తుంది, కొత్త గాలిని కూడా రమ్మని గుంజుతుంది. గొట్టం చివర మళ్లీ గరాటు తిరగేసినట్టు సన్నబడితే ఈసారి నెట్టే అల వెనక్కి వస్తుంది. అది సరిగ్గా కిటికీ మూతపడే ముందు చేరితే, తప్పించుకుపోతున్న మెహమాన్లను మళ్లీ లోపలికి తోసేస్తుంది. పుట్టుకతో వచ్చిన ఐబ్‌కు వాల్వు లేకుండా, మరో పుర్జా లేకుండా, చప్పుడుతోనే ఇలాజ్!

ఇదీ ఆయన ఒక్కడి ఆలోచన కాదు. లింబాక్ అనే జర్మన్ 1938లోనే ఇలాంటి గొట్టం మీద హక్కు తీసుకున్నాడు. పశ్చిమ జర్మనీ డీకేడబ్ల్యూలో ఎరిక్ వోల్ఫ్ 1951లో రేసు బండికి ఉబ్బిన గొట్టం పెట్టాడు. కాడెన్ చేసింది ఏమిటంటే, దాన్ని అందాజా నుంచి లెక్కకు తేవడం. అసిల్లోస్కోప్ పెట్టి గొట్టం లోపలి అలలను కళ్లతో చూశాడు. గొట్టం చేయడం, నడపడం, చూడడం, కోసి మళ్లీ అతకడం. ఎంత సబర్ కావాలో ఒక చిన్న లెక్క చెబుతాను. ఇంజన్ నిమిషానికి 10,800 సార్లు తిరుగుతుంటే సెకనుకు 180 చుట్లు. పొగ కిటికీ సుమారు సగం చుట్టు తెరిచి ఉంటుంది. అంటే సెకనులో 360వ వంతు. ఆ లోపు అల పోయి, తాకి, తిరిగి రావాలి. వేడి పొగలో చప్పుడు సెకనుకు సుమారు 500 మీటర్లు పోతుందనుకుంటే, పోయి రావడానికి దొరికే దారి మొత్తం మీటరున్నర కూడా లేదు. గొట్టం ఒక జానెడు పొడుగైతే అల లేటు. ఒక జానెడు పొట్టిదైతే తొందరపడి ముందే వచ్చేస్తుంది.

దీనికి తోడు కొత్త గాలి వచ్చే కిటికీలు రెండు ఉంటే వెనక వైపు మూడోది కూడా తెరిచాడు. అది కాలిపోయే పిస్టన్ కింది బేరింగును చల్లబరిచింది. మంచి బేరింగులు, మంచి పిస్టన్లు పశ్చిమ దేశాల్లో ఉన్నాయి, కొనడానికి ఆయన దగ్గర విదేశీ పైసలు లేవు. మజ్బూరీ మనిషికి ఎన్నో నేర్పుతుంది. 1954 నాటికి ఆ 125 సీసీ ఇంజన్ 13 హార్స్‌పవర్ ఇచ్చింది. 1961 నాటికి 25. లీటరుకు 200 హార్స్‌పవర్. అంతవరకు గాలిని బలవంతంగా నింపే పంపు లేకుండా ఆ అంకెను దునియాలో ఏ ఇంజనూ అందుకోలేదు. గరీబోడి ఇంజన్, గరీబు దేశం, షోపావ్ కార్ఖానా. ఇటలీ, జపాన్ కంపెనీల ఫోర్ స్ట్రోక్‌ల ముందు నిలబడింది.

ఆ 1961లోనే గొలుసులో అసలైన ఖియానత్ జరిగింది. ఖియానత్ అని రాస్తున్నాను గానీ చేయి కొంచెం వణుకుతోంది. ఎందుకో చెబుతాను.

ఎర్నెస్ట్ డెగ్నర్ కాడెన్ బండి నడిపే రైడర్, పైగా ఇంజన్ తెలిసిన మెకానిక్ కూడా. ఆ ఏడాది 125 సీసీ ప్రపంచ పోటీలో అందరికంటే ముందున్నాడు. టూ స్ట్రోక్ బండికి మొదటిసారి ప్రపంచ కిరీటం దక్కబోతోంది. ఆగస్టు 13న బెర్లిన్‌లో గోడ లేచింది. పశ్చిమానికి పోయే దారులు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. సరిగ్గా అయిదు వారాలకు, సెప్టెంబరు 17న స్వీడన్‌లోని క్రిస్టియన్‌స్టాడ్‌లో రేసు. అక్కడ గెలిస్తే కిరీటం ఆయనదే. రేసు మధ్యలో ఇంజన్ పాడైంది. ఆ సాయంత్రం ఆయన జట్టులోకి తిరిగి రాలేదు. డెన్మార్క్ మీదుగా పశ్చిమ జర్మనీకి వెళ్లిపోయాడు. అదే రోజుల్లో ఆయన బీవీని, ఇద్దరు చిన్న పిల్లలను ఒక దోస్త్ కారు డిక్కీలో దాచి సరిహద్దు దాటించాడు. పిల్లలు ఏడవకుండా నిద్రమందు ఇచ్చారు.

జపాన్‌లోని సుజుకీ వాళ్లతో ఆయనకు అంతకు ముందే మాట కుదిరింది. ఆ ఏడాది సుజుకీ బండ్లు యూరప్ రేసుల్లో నవ్వులపాలై ఉన్నాయి. డెగ్నర్ హమామాత్సుకు పోయి కూర్చున్నాడు. కాడెన్ ఏళ్ల తరబడి కూడబెట్టిన ఇల్మ్, రేకు కోత, పోర్టుల ఎత్తు, గొట్టం కొలత, ఆయన వెంట పోయింది. 1962లో 50 సీసీ తరగతిలో సుజుకీ మీద డెగ్నర్ ప్రపంచ విజేత అయ్యాడు. టూ స్ట్రోక్‌కు అది మొట్టమొదటి ప్రపంచ కిరీటం. మరుసటి ఏడాది సుజుకీకి రెండు తరగతుల్లో వచ్చాయి.

1961 కిరీటం హోండా మీద టామ్ ఫిలిస్‌కు పోయింది. ఇంజన్‌ను డెగ్నర్ కావాలనే పాడుచేశాడని ఎంజెడ్ వాళ్లు ఫిర్యాదు చేశారు, అది నిలబడలేదు. షోపావ్‌లో కాడెన్ మీద సర్కారు షక్ పడింది. తన షాగిర్ద్ పారిపోయినందుకు ఉస్తాద్ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

డెగ్నర్‌ది హిజ్రతా, ఖియానతా? గోడ వెనక బందీ అయిన మనిషి పిల్లలను తీసుకుని బయటపడటం తప్పని నేనెట్లా అంటాను? జుల్మ్ ఉన్న చోటు నుంచి పోవడం మనిషి హక్కు. కానీ అమానత్ అనే మాట ఒకటుంది. ఇల్లు విడిచి పోవాల్సిన రాత్రి కూడా, తన దగ్గర జనం దాచుకున్న వస్తువులు ఎవరివి వాళ్లకు అందించమని అలీ రజియల్లాహు అన్హును మక్కాలో ఉంచి బయలుదేరిన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం సీరత్ మనం చిన్నప్పటి నుంచి వింటున్నదే. హిజ్రత్ వేరు, అమానత్ వేరు. ఒకటి ఉందని రెండోది మాఫీ కాదు. నా ఫైసలా ఇంతవరకే. ఆయన నసీబ్ కూడా చల్లగా లేదు. 1963లో సుజుకా రేసులో బండి మంటల్లో చిక్కి ఒళ్లు ఘోరంగా కాలింది. 1983లో యాభై ఒకటో ఏట, టెనరీఫ్ దీవిలో చనిపోయాడు. సుజుకా మైదానంలో ఒక మలుపు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. కాడెన్ పేరు మీద మలుపు లేదు, జిమ్మర్‌మాన్ మాట అడగనే వద్దు.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను, అది అందరికీ తెలిసిన జోరు కథే. సుజుకీ, యమహా రెండూ టూ స్ట్రోక్‌తో మైదానాలు ఏలాయి. 1975లో పెద్ద 500 సీసీ కిరీటం కూడా మొదటిసారి టూ స్ట్రోక్ యమహాకు దక్కింది. ఈ శతాబ్దం మొదలయ్యేదాకా ఆ తరగతిలో దానిదే రాజ్యం. అమెరికాలో గోర్డన్ జెన్నింగ్స్ 1973లో ఈ లెక్కలన్నిటినీ ఒక కితాబుగా రాసి, ఇంట్లో వైస్, ఆకురాయి ఉన్న ఎవరైనా చేసుకోగలిగేలా చెప్పాడు. ఇంటి షెడ్డు నుంచి ఫ్యాక్టరీకి పోయిన ఇల్మ్ అట్లా చుట్టు తిరిగి మళ్లీ ఇంటి షెడ్డుకు చేరింది.

మన దగ్గరికి 1983లో ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ 350గా వచ్చింది. రెండు సిలిండర్ల యమహా. ఊళ్లో దొరలకు, దుబాయి పైసలొచ్చిన ఇళ్ల పిల్లలకు తప్ప పెట్రోలు పోయడం ఎవరి తరం కాలేదు. 1985లో ఆర్‌ఎక్స్ హండ్రెడ్ వచ్చాకే ఈ హునర్ గల్లీల్లోకి దిగింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. అందులో తిరిగే రేకు లేదు, దాని జాగాలో గాలి పీల్పుకు తానే తెరుచుకుని తానే మూసుకునే రీడ్ వాల్వు ఉంది. మెరిసే సైలెన్సర్ లోపల మాత్రం అదే గరాటు, తిరగేసిన గరాటు. 1996లో పొగ నియమాలు వచ్చి తయారీ ఆగేవరకు ఎన్ని ఇళ్లలో కట్నంగా నిలబడిందో. పెద్ద ఊళ్లలోనే కాదు, మా ఊరి లాంటి చోట కూడా సిలిండర్ కోసే ఉస్తాదులు పుట్టారు. హైదరాబాద్ పుత్లీబౌలి నుంచి పుర్జాలు, రాణిగంజ్ నుంచి పనిముట్లు.

మామూ దగ్గర అసిల్లోస్కోప్ లేదు. పోర్టు ఒక మిల్లీమీటరు ఎత్తితే ఆ ఇంజన్‌లో కిటికీ తెరిచి ఉండే కాలం మొత్తం మీద నాలుగైదు డిగ్రీలు పెరుగుతుందని కాగితం మీద లెక్కేసి చూపించాను. "నాకు చెవులున్నయ్" అన్నాడు. చెవి కూడా తప్పుతుంది, అది ఆయనే ఒప్పుకుంటాడు. ఒకసారి ఒక కాలేజీ పిల్లాడి బండికి కిటికీ వెడల్పు ఎక్కువ కోశాడు. పిస్టన్ రింగు ఆ కిటికీలోకి ఉబ్బి అంచుకు తట్టుకుని విరిగింది. ఇంజన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుపోయింది. పిల్లాడు సైకిల్ అంత నెమ్మదిగా పోతున్నాడు కాబట్టి మోచేతులు గీసుకుని బయటపడ్డాడు. మామూ తన జేబు నుంచే కొత్త బ్లాకు వేయించాడు. ఆ తర్వాత నెల రోజులు ఆకురాయి ముట్టలేదు. ఆ పాడైన బ్లాకు ఇప్పటికీ షెడ్డులో అల్మారా మీద ఉంది, పని నేర్చుకోవడానికి వచ్చే ప్రతి షాగిర్ద్ చేతికి మొదట అదే ఇస్తాడు, కిటికీ అంచు వేలితో తడిమి చూడమని.

పోయిన రంజాన్‌లో ఇఫ్తార్ తర్వాత ఈ సిల్సిలా మొత్తం మామూకు చెప్పాను. ష్నూర్లే, వెబర్, జిమ్మర్‌మాన్, కాడెన్, డెగ్నర్, హమామాత్సు, అక్కడి నుంచి పుత్లీబౌలి. డెగ్నర్ దగ్గర "తౌబా" అన్నాడు. పిల్లలను డిక్కీలో దాచిన మాట దగ్గర ఏమీ అనలేదు. రేకు సంగతి మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాడు, చేతితో గాలిలో తిప్పి చూసుకున్నాడు.

"ఆయన పేరేమన్నవ్?"

"జిమ్మర్‌మాన్. జర్మన్‌ల జిమ్మర్‌మాన్ అంటే వడ్లాయన అని అర్థం మామూ."

"బఢయీ?" అని పెద్దగా నవ్వాడు. షెడ్డు మూల బోల్టులు కడుగుతున్న పిల్లాడి వైపు తిరిగి, "అరే ఇన్నవా, ఇది బఢయీ చేసిందంట. నువ్వు లేత్ లేదు, మిషన్ లేదని ఏడుస్తవ్" అన్నాడు. తర్వాత బ్లాకు వెలుగు వైపు తిప్పి, "టార్చ్ ఇటు పట్టు" అన్నాడు నాతో.